మాత్రలు మాత్రలే, మందు మందే

ఆ వీధిలో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆమె కొలతమ్మే. మెడలో ఎప్పుడూ పసుప్పచ్చ టేపు వేలాడుతుంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆమె నమ్మకం. సరుకులకి వెళ్ళినా, కరెంటాఫీసుకి వెళ్ళినా ఆ టేపు తీయడం మర్చిపోయేది. ఎవరైనా చూసి నవ్వితే తనూ నవ్వేసి, చుట్టి గుప్పిట్లో పెట్టుకునేది. ఆ పేరంటే ఆమెకి లోలోపల ఇష్టం. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఊరికే వచ్చింది, ఇది పనిచేసి తెచ్చుకున్నది.

వాళ్ళది పటాలు కట్టే కొట్టు. ముందు గదిలో కొట్టు, వెనక రెండు గదుల్లో కాపురం, మధ్యలో ఒక కర్టెను. కొట్టులో గోడకి ఆనించి అద్దాల పలకలు, అటక మీద చెక్క పట్టీలు, ఎక్కడ చెయ్యి పెట్టినా రంపపు పొట్టు. పట్టీలు కొలవడం, ఇళ్ళకి వెళ్ళి గోడలు కొలిచి రావడం ఆమె పని. పటం కొలత, అద్దం కోత మాత్రం భర్తవి. ఆయన్ని అందరూ ఫ్రేములాయన అనేవారు. పటాన్ని బల్ల మీద పరిచి, కొలిచి, తల ఎత్తకుండానే "పద్దెనిమిది, పదమూడున్నర" అని కేకేసేవాడు. అవతలి బల్ల దగ్గర ఆమె ఆ కొలతకి వెనక అట్ట కోసేది. మళ్ళీ కొలిచి చూసుకునేది కాదు. ఆయన నోట్లోంచి అంకె వచ్చిందంటే అట్ట మీద కత్తి నడిచిందన్నమాటే. అద్దం, అట్ట, చెక్క ఒకదాంట్లో ఒకటి కూర్చున్నప్పుడు టక్కుమని చిన్న చప్పుడయ్యేది. ఆ చప్పుడు వింటే ఆమెకి కడుపు నిండినట్టుండేది. మా కాపురమూ ఇలాగే కూర్చుంది అనుకునేది.

ఆ కాపురానికి ఆమె పెట్టిన షరతు ఒక్కటే. ఆమె తండ్రి తాగి తాగి పోయాడు. ఆయన గుమ్మం ఎక్కే తీరుని బట్టి ఆ పూట ఇంట్లో ఎవరికి దెబ్బలో చిన్నప్పుడే చెప్పగలిగేది. అందుకని సంబంధం కుదిరేటప్పుడు సిగ్గు విడిచి తనే అడిగింది. "ఇంట్లో సీసా ఉండకూడదు."

"సీసా ఏమిటి, మూత కూడా ఉండదు" అన్నాడాయన.

అన్నట్టే చాలా ఏళ్ళు ఉన్నాడు. స్నేహితులు లాగినా వెళ్ళలేదు. పక్క కొట్టు పంక్చరాయన "మా బావ పెళ్ళాం కొంగు... అదే, టేపు పట్టుకుని తిరుగుతాడు" అని వెక్కిరిస్తే నవ్వి ఊరుకునేవాడు.

తర్వాత ఒక ఏడాది ఆయనకి తలనొప్పులు పట్టుకున్నాయి. ఆ రోజు చేతిలో తొందర పని ఉండి ఆమె వెంట వెళ్ళలేకపోయింది. ఒక్కడే డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చి, జేబులోంచి మాత్రల అట్ట తీసి అలమరలో పెట్టాడు.

"ఏమన్నారు?"

"బీపీట."

"ఇంకా?"

"ఇంకా..." కాసేపు నీళ్ళు నమిలాడు. "రోజూ మందు తీసుకోవాలన్నారు. కొంచెమే. గుండెకి మంచిదట. మానకూడదట."

"ఈ మాత్రలేగా?"

"మాత్రలు మాత్రలే. మందు మందే."

ఆమె చేతిలో జిగురు బ్రష్షు ఆగిపోయింది. "అంటే... ఆ మందా?"

ఆయన గోడకేసి చూశాడు. "నేనేం అన్లేదు తల్లీ. డాక్టరుగారు అన్నది అన్నట్టు చెప్పాను. నీకిష్టం లేకపోతే వద్దు. ప్రాణం ఎప్పుడో ఒకప్పుడు పోయేదేగా."

ఆమెకి నాలుగు రోజులు అన్నం సయించలేదు. ఒకవైపు తండ్రి గుమ్మం ఎక్కుతున్న అడుగులు, ఇంకోవైపు పెద్ద డాక్టరు మాట. ఒకరోజు పటం కోసం వచ్చిన ఒక గుమాస్తాని సందర్భం కల్పించుకుని అడిగింది. ఆయన, "అవునమ్మా, కొంచెం పుచ్చుకుంటే గుండెకి మంచిదని పేపర్లో కూడా వేశారు" అన్నాడు. దాంతో ఆమె మెత్తబడింది. ఆ సాయంత్రం తనే డబ్బులు తీసిచ్చి "వెళ్ళి తెచ్చుకోండి" అంది. ఆ మాట అనడానికి ఆమెకి ఎంత కష్టమైందో చూసి ఆయన కళ్ళు దించుకున్నాడు. భయపడుతున్నాడేమో పాపం అనుకుంది.

"కొంచెమంటే ఎంత?" అని మాత్రం పట్టుబట్టింది. ఆయన ఒక చిన్న గాజు గ్లాసు తీసుకుని, అద్దం కోసే వజ్రపు ములికితో దాని చుట్టూ సన్నటి గీత గీశాడు. "ఇదిగో, దీన్ని దాటితే నన్నడుగు."

ఆ రోజు నుంచీ కొట్టు కట్టేసే వేళకి ఆమె పోసేది. వాసన పడక ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకునేది. కళ్ళు మాత్రం గీత మీదే ఉండేవి. పొద్దున మాత్ర, సాయంత్రం మందు. తనకి ఒళ్ళు కాలిపోతున్నా లేచి పోసి పడుకునేది. ఆయన ఏనాడూ గీత దాటలేదు, తూలలేదు, గొంతు పెంచలేదు. తాగి, గ్లాసు కడిగి బోర్లించేవాడు. చూశారా, మనిషి మంచివాడైతే అదీ మందే అవుతుంది అనుకునేది.

తల్లి మాత్రం ఒప్పుకోలేదు. కొడుకు దగ్గర ఉండే ఆవిడ కూతుర్ని చూడ్డానికి వచ్చి, అలమరలో సీసా చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అమ్మా, అది తాగుడు కాదే. మందు."

"మీ నాన్నా మందనేగా అనేవాడు!"

"మా ఆయన మీ ఆయన లాంటివాడు కాదు!" ఆ మాట నోరు జారింది. జారాక వెనక్కి తీసుకోలేదు. మొగుడి ప్రాణం సంగతి కదా.

తల్లి చెప్పులేసుకుంది. "ఆ సీసా ఉన్నన్నాళ్ళూ నీ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టను." అలాగే ముట్టలేదు. ఫోన్లో మాట్లాడేది, అదీ పొడిపొడిగా.

అలా ఏళ్ళు నడిచాయి. కొట్టు కట్టేసే వేళకి పంక్చరాయన చేతులు తుడుచుకుంటూ తొంగిచూసి "డోసు పడిందా బావా?" అనేవాడు. "కొలతమ్మ ఉండగా తప్పుతుందా?" అనేవాడు ఫ్రేములాయన. ఇద్దరూ నవ్వుకునేవారు. ఆమె కూడా నవ్వేది. తనని మెచ్చుకుంటున్నారనుకునేది.

ఈ మధ్య ఆయనకి మళ్ళీ తల తిరగడం మొదలైంది. మాత్ర రెండింతలు చేసినా బీపీ దిగలేదు. ఒక ఉదయం పెద్ద అద్దం పలక ఎత్తబోయి, కళ్ళు చీకట్లు కమ్మి తూలాడు. పలక నేల మీద పడి ముక్కలైంది. అరచెయ్యి తెగింది. ఆమె మెడలో టేపుతోనే, చెయ్యి గుడ్డతో అదిమిపట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

అక్కడ ఇప్పుడు వైద్యం చేసేది పెద్ద డాక్టరు కూతురు. పెద్దాయన వైద్యం మానేసినా, పొద్దున్నే వచ్చి పక్కగదిలో పేపరు చదువుకుంటూ కూర్చుంటాడు. డాక్టరమ్మ కుట్లు వేసి, కట్టు కట్టి, బీపీ చూసింది. నమ్మకం లేనట్టు మళ్ళీ చూసింది.

"మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా?"

"పొద్దున లేవగానే నేనే ఇస్తానండీ" అంది ఆమె.

"ఉప్పు?"

"ఎప్పుడో తగ్గించేశాను."

"మరి దిగాలే. మందు అలవాటేమైనా ఉందా?"

ఫ్రేములాయన దగ్గాడు. ఆమె ముఖం మాత్రం విప్పారింది. ఇన్నేళ్ళ సేవ గురించి చెప్పుకునే అవకాశం ఇప్పటికి వచ్చింది.

"ఒక్కరోజు కూడా తప్పనివ్వలేదండీ. నా చేత్తో నేనే పోస్తాను. గీత దాకా. చుక్క ఎక్కువ ఉండదు, చుక్క తక్కువ ఉండదు."

డాక్టరమ్మ కలం ఆగింది. "ఏం పోస్తారు?"

"మందండీ."

"ఏ మందు?"

"అదేనండీ... బ్రాందీ." ఆ మాట పైకి అనడం ఆమెకి అదే మొదటిసారి. గొంతు తగ్గించింది. "నాన్నగారే చెప్పారు కదండీ. గుండెకి మంచిదని."

డాక్టరమ్మ ఆయన ముఖంలోకి చూసి, తర్వాత పక్కగది వైపు తిరిగింది. "నాన్నా, ఒకసారి ఇలా రండి."

పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంటూ వచ్చాడు. సంగతి విని "నేనా? బ్రాందీయా?" అని పెద్దగా నవ్వబోయి, ఆమెని చూసి ఆపుకున్నాడు. "అమ్మా, రోజూ మందు తీసుకో, కొంచెం డోసే రాశాను, గుండెకి మంచిది, మానకు అన్నాను. మాత్ర గురించమ్మా. తాగుతావా అని కూడా అడిగాను. ముట్టనండీ అన్నాడు."

"అప్పటికి ముట్టేవాణ్ణి కాదండీ" అన్నాడు ఫ్రేములాయన. వచ్చాక ఆయన నోరు విప్పడం అదే మొదలు.

ఆ ఒక్క మాటతో ఆయనకి కొంచెం ధైర్యం వచ్చింది. "అయినా కొంచెం తాగితే మంచిదని అప్పట్లో అందరూ అన్నారు కదండీ. పేపర్లోనూ వచ్చింది."

పెద్దాయన తల గోక్కున్నాడు. "దాచేదేముంది, మేమూ కొందరితో అనేవాళ్ళం. నీతో మాత్రం అనలేదు."

"అప్పటి లెక్కలు అలా కనబడ్డాయి" అంది డాక్టరమ్మ, ఫ్రేములాయనతో కాదు, ఆమెతో. "తాగనివాళ్ళ గుంపులో, ఒళ్ళు పాడై తాగుడు మానేసినవాళ్ళని కూడా కలిపేశారు. దాంతో తాగనివాళ్ళు రోగిష్టుల్లా, కొంచెం తాగేవాళ్ళు గట్టివాళ్ళలా కనబడ్డారు. వేరుచేసి చూసేసరికి ఆ లాభం చాలామటుకు కరిగిపోయింది. ఒక్క గ్లాసుకే మనిషి పోతాడని నేననను. కొంచెం తాగితే కొంచెం నష్టం, ఎక్కువ తాగితే ఎక్కువ నష్టం, అంతే. కానీ ఈయనకి బీపీ ఉంది. పొద్దున మాత్ర కిందికి లాగుతుంటే, సాయంత్రం గ్లాసు పైకి తోస్తోంది. రోజూ, ఒక్కరోజు తప్పకుండా."

"అంటే నేను పోసినందువల్లేనా?"

"అదొక్కటే కారణమని చెప్పలేనమ్మా. అదీ ఉంది."

ఆమె భర్త వైపు చూసింది. ఆయన తల పైకెత్తి, తిరుగుతున్న ఫ్యానుని చూస్తున్నాడు. పటం కొలిచేటప్పుడు మిన్ను విరిగి మీద పడ్డా తల ఎత్తని మనిషి. ఆ ఫ్యానులో ఏముందో ఆమెకి అప్పుడు తెలిసింది. ఆ రోజు గోడలో ఉన్నదీ అదే. ఆయనది భయం కాదు, తప్పించుకునే చూపు.

ఇద్దరూ వీధికి తిరిగొచ్చారు. ఆయన తేలు కుట్టిన దొంగలా గబగబా కొట్టులోకి వెళ్ళిపోయాడు. పంక్చరాయన నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి బుడగల కోసం చూస్తున్నాడు.

"ఏమన్నారు చెల్లెమ్మా? బావకి గాలి తగ్గిందా, ట్యూబే పోయిందా?"

ఆమె నవ్వలేదు. "అన్నయ్యా, నన్ను కొలతమ్మ అని ఎందుకంటారు?"

"ఎందుకేమిటి? మెడలో టేపు..." అని కొట్టు వైపు చూశాడు.

"అటు చూడకు. నిజం చెప్పు. ఇవాళ ఒకటి విన్నాను, ఇంకోటి కూడా వినగలను."

పంక్చరాయన ట్యూబుని అటూ ఇటూ తిప్పాడు. "మొదట బావే అన్నాడమ్మా. మీ ఇళ్ళల్లో ఆడవాళ్ళు సీసాలు విసురుతుంటే, మా ఇంట్లో కొలతమ్మ ఉందిరా, గీత చూసి మరీ పోస్తుంది అని... ఏదో సరదాకి. అక్కణ్ణించి అందరికీ అలవాటైపోయింది."

"నన్నెలా ఒప్పించిందీ చెప్పారా?"

"ఒక్క అబద్ధం ఆడకుండా పని కానిచ్చానన్నాడు." ఆ మాట అన్నాక ఆయనకే బాగోలేదు. "తప్పేనమ్మా. నవ్వాం. ఏం చేస్తాం, నవ్వొచ్చింది."

వీధి వీధంతా ఇన్నేళ్ళూ ఆమె చెవిలో పువ్వు చూస్తూ, బాగున్నావా కొలతమ్మా అని పలకరించింది. ఆమె బాగున్నానంటూ ఆ పువ్వు ఊపుకుంటూ తిరిగింది. తల తీసేసినట్టయింది ఆమెకి. మెడలోంచి టేపు తీసి, చుట్టి, గుప్పిట్లో పెట్టుకుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కొట్టులో పగిలిన అద్దం ముక్కలు పొద్దుట పడ్డవి పడ్డట్టే ఉన్నాయి. ఆయన స్టూలు మీద కూర్చుని, కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. ఆమె చీపురు తీసుకుంది.

"ఏమైనా అను. తిట్టు" అన్నాడు.

ఆమె ముక్కలు ఊడుస్తూనే ఉంది.

"ఎక్కువ తాగానా చెప్పు. ఏనాడైనా గీత దాటానా? నీ మీద చెయ్యెత్తానా?"

"లేదు."

"మరి? నువ్వు పోసిందే తాగాను."

"అదేనండీ నా ఏడుపు." ఆమె చీపురు గోడకి ఆనించింది. "మా నాన్న తాగితే తన చేత్తో తాగాడు. మీరు నా చేత్తో తాగారు."

ఆయన కట్టు సవరించుకుంటూ, "నేను అబద్ధం చెప్పలేదే. ఆయనన్న మాటే చెప్పాను" అన్నాడు.

"చెప్పలేదు. చెప్పుంటే ఎక్కడో ఒకచోట పట్టుకునేదాన్ని. సగం మీరు చెప్పి, మిగతా సగం నాతో చెప్పించారు. ఆ మందా అని అడిగింది నేనే. డబ్బులు తీసిచ్చింది నేనే. మా అమ్మని గుమ్మంలోంచి పంపింది నేనే. ఇంకా పైన, ఊళ్ళోవాళ్ళు నవ్వుకోడానికి నాకో పేరు కూడా."

"సరదాకి అన్నానే..."

"నాకా పేరు నచ్చిందండీ" అందామె. 

ఆయన లేవబోయాడు. ఆమె కర్టెను తోసుకుని లోపలికి వెళ్ళింది. అలమరలోంచి సీసా తీసి తూము దగ్గర వంచింది. గీత చూడకుండా ఆమె దాన్ని పోయడం అదే మొదలు. ఆ గీత గ్లాసుని కొట్టులోకి తెచ్చి జిగురు బ్రష్షు అందులో నిలబెట్టింది. తర్వాత తల్లికి ఫోను చేసింది. అంతా విని ఆవిడ, నేను చెప్పానా లేదా అనలేదు.

"పారబోశావా?"

"పారబోశాను."

"చేతులు కడుక్కో. వాసన పోయేదాకా కడుక్కో. రేపొస్తాను."

మర్నాడు వచ్చింది. చెప్పులు విప్పగానే "మంచినీళ్ళివ్వవే" అంది. గ్లాసెడు నీళ్ళూ ఆగకుండా తాగి, పెదవులు తుడుచుకుంది. అల్లుడు వచ్చి "బాగున్నారా అత్తయ్యా" అంటే, "నాకేం నాయనా, ఏ మందూ లేకుండానే బాగున్నాను" అంది. ఆయన మొహం మాడింది. కూతురు కూడా నవ్వలేదు.

ఫ్రేములాయన నిజంగానే తాగుడు మానేశాడు. కొట్టు కట్టేసే వేళకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, అప్పటికే తుడిచిన అద్దాలు మళ్ళీ తుడిచేవాడు. పంక్చరాయన తొంగిచూడటం మానేశాడు. వీధిలో కొందరు ఆమెని పేరు పెట్టి పిలవబోయి, అసలు పేరు తెలియక "ఏమ్మా" అని ఊరుకుంటున్నారు. నెల తిరిగేసరికి డాక్టరమ్మ బీపీ చూసి "దిగుతోంది" అంది. ఆయన ఆ మాట విని ఆమె వైపు చూశాడు. ఆమె తల ఊపింది. సంతోషించలేదని కాదు. ఆయన ప్రాణం కోసమే కదా అదంతా మోసింది.

ఒక సాయంత్రం ఆయన అన్నాడు, "మందు మానేశాక ఒళ్ళు తేలిగ్గా ఉందే."

అట్ట కోస్తున్న ఆమె చెయ్యి ఆగింది. "ఏ మందు?"

"అదేమిటే అలా అడుగుతావ్?"

మాత్రలు ఇప్పుడాయనే తీసి వేసుకుంటున్నాడు. ఆమె లోపలికి వెళ్ళి అలమర తెరిచింది. మాత్రల అట్టలో ఆ ఉదయం మాత్ర గూడు ఖాళీగా ఉంది. నిన్నటిదీ ఖాళీయే. అలమర మూసి వచ్చి కత్తి తీసుకుంది.  ఆ ఇంట్లో ఇప్పుడు ఆయన ఏ మాటన్నా, ఆ మాట వెనక ఇంకో మాట దాక్కుందేమోనని ఆమె వెతుకుతుంది. వెతకడం ఆమెకీ ఇష్టం లేదు. ఆపడం ఎలాగో తెలియడం లేదు.

అప్పుడే ఒకావిడ పాత ఫోటో ఒకటి తెచ్చింది. ఆయన దాన్ని బల్ల మీద పరిచి, కొలిచి, తల ఎత్తకుండా కేకేశాడు. "పదహారు, పన్నెండు."

ఆమె అట్ట తీసుకుంది. కత్తి పట్టుకుంది. తర్వాత కత్తి పక్కన పెట్టి, మేకుకి తగిలించిన టేపు తీసుకుని, బల్ల చుట్టూ తిరిగి ఆయన పక్కకి వచ్చి, ఫోటో మీద పరిచింది. ఒకవైపు చూసింది, రెండోవైపు చూసింది. ఆయన తల ఎత్తాడు. ఆమెనీ, టేపునీ చూశాడు. 

కొలత సరిగ్గానే ఉంది. పదహారు, పన్నెండు.

ఆమె వెళ్ళి అట్ట కోసింది. అద్దం, అట్ట, చెక్క ఒకదాంట్లో ఒకటి కూర్చున్నాయి. టక్కుమంది. ఆమె అప్పటికే తర్వాతి పటం మీద టేపు పరుస్తోంది.